ఎంత నడవాలి, ముందు ఏం చూపించుకోవాలి, దమ్ము ఎంతుందో ఎట్లా తెలుసుకోవాలి

వ్యాయామం చేస్తూ ఎవరైనా కుప్పకూలిన వీడియో ఫోన్‌లోకి రాగానే మన ఊళ్లలో రెండు పనులు జరుగుతాయి. పొద్దున నడకకు పోయేవాళ్లలో కొందరు మానేస్తారు. ఇంకొందరు ఏ లక్షణమూ లేకపోయినా ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) అన్నీ చేయించుకుని, ‘నార్మల్’ అన్న కాగితం చేతికి రాగానే మరునాడే జిమ్‌లో పెద్ద బరువులు ఎత్తుతారు. రెండూ తప్పే. రెండింటికీ మూలం ఒక్కటే: మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపేయడం.

వారానికి ఎంత శ్రమ కావాలి అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు మార్గదర్శకాల్లో ఉంటుంది. నేను మొదలుపెడితే నాకేమైనా ప్రమాదమా అన్నది రెండోది. అది ఆరోగ్య పరిశీలనతో తేలుతుంది. ఇప్పుడు నా శరీరానికి ఎంత దమ్ముంది అన్నది మూడోది. అది ఫిట్‌నెస్ పరీక్ష చెప్పాలి. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికిరాదు. టీఎంటీ బాగుందంటే మనిషి ఫిట్‌గా ఉన్నాడని కాదు. 1600 మీటర్లు ఉరికినంత మాత్రాన బీపీ లేదని కాదు. రోజంతా పత్తి ఏరి అలసిపోయారంటే శరీరానికి కావలసిన శ్రమంతా అందిందనీ కాదు.

వారానికి 150 నిమిషాలు: ఏ పని లెక్కలోకి వస్తుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 18 నుంచి 64 ఏళ్లవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలు. రెండూ కలిపి చేసుకోవచ్చు. అప్పుడు ఒక నిమిషం గట్టి శ్రమను రెండు నిమిషాల మధ్యస్థ శ్రమగా లెక్కేసుకోవాలి. ఒక్కసారికి కనీసం 10 నిమిషాలైనా ఆగకుండా చేస్తేనే లెక్క అన్న పాత షరతును ఈసారి తీసేశారు. కాబట్టి బస్టాండు దాకా ఏడు నిమిషాలు గబగబా నడిచినా అది లెక్కలోకే వస్తుంది.

మధ్యస్థ శ్రమ అంటే ఏమిటో పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాలుగు మాటలకే దమ్ము తీసుకోవాల్సి వస్తే అది గట్టి శ్రమ. ఇంకో కొలత అడుగులు లెక్కపెట్టడం. నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే చాలామంది పెద్దవాళ్లకు మధ్యస్థ శ్రమ మొదలైనట్టు. గడియారం చూసి 15 సెకన్లు లెక్కపెట్టండి, 25 అడుగులు రావాలి. నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలోనో, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దారిలోనో నలుగురు కలిసి ముచ్చట పెట్టుకుంటూ నడిచే నడక చాలాసార్లు ఈ లెక్కకు అందదు. మనసుకు మంచిదే, మానొద్దు. కానీ గంట నడిచాను కదా అని 60 నిమిషాలూ రాసుకుంటే లెక్క తప్పుతుంది.

పొలం పని సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఎక్కువగా అడిగేది అదే. పనిలో భాగంగా పడే శ్రమ కూడా మార్గదర్శకాల లెక్కలోకి వస్తుంది. పార పని, మట్టి మోయడం, బురదలో నాట్లు వేయడం మధ్యస్థం, లేదా అంతకంటే ఎక్కువ. పత్తి ఏరడం వేరు. ఎండలో గంటల తరబడి నిలబడి, వంగి చేసే పని కాబట్టి ఒళ్లు హూనమవుతుంది, కానీ అడుగు మెల్లగా పడుతుంది. ట్రాక్టర్ మీద కూర్చుని దున్నేవాళ్లకు నడుం నొప్పి వస్తుంది తప్ప ఊపిరికి పని ఉండదు. కోతలు హార్వెస్టర్ చేతికి పోయాక రైతు ఇంట్లో శ్రమ తగ్గింది, తిండి అదే ఉంది. దీనికి తోడు మన పని సీజన్లవారీగా నడుస్తుంది. నాట్లప్పుడు విపరీతమైన శ్రమ, ఆ తర్వాత వారాల తరబడి ఖాళీ. కూడబెట్టిన దమ్ము ఖాళీగా కూర్చున్న కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుంది. అందుకే సంవత్సరానికి ఎంత చేశామని కాదు, ఈ వారం ఎంత చేశామని చూసుకోవాలి.

రోజూ కైకిలికి పోయే ఆడమనిషికి ‘రోజూ గంట నడువమ్మా’ అని చెప్పడం అన్యాయమైన సలహా. ఆమెకు కావలసింది నడుం, తొడలు, భుజాల బలం, సరిపడా విశ్రాంతి, రక్తం పరీక్ష. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న మనిషి రెండు మెట్లెక్కగానే ఆయాసపడితే దానికి మందు వ్యాయామం కాదు.

నడిచేవాళ్లు దాదాపు అందరూ వదిలేసే భాగం ఇంకొకటుంది. వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నింటికీ బలం పెంచే పని ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతాయి. నడక ఆ లోటు తీర్చదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వాలి వెనక్కి నెట్టుకోవడం, రెండు చేతుల్లో సమానమైన నీళ్ల బకెట్లు పట్టుకుని పది గజాలు నడవడం చాలు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, ఆఖరి రెండు సార్లు కష్టమనిపించాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దు, ఎత్తేటప్పుడే వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 65 దాటినవాళ్లకు వీటితోపాటు వారానికి మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే సాధన కూడా చేర్చాలి. పిల్లలకైతే 5 నుంచి 17 ఏళ్ల దాకా రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థ లేదా గట్టి శ్రమ కావాలి.

మొదలుపెట్టే ముందు: యంత్రాల కంటే ప్రశ్నలు ముఖ్యం

వ్యాయామం అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా గట్టి శ్రమలోకి దూకినప్పుడే గుండెకు ప్రమాదం ఎక్కువ. మెల్లగా మొదలుపెట్టి, మెల్లగా పెంచుకునేవాళ్లకు అది చాలా తక్కువ. అందుకే ఇప్పటి పద్ధతిలో వయసును బట్టి అందరినీ డాక్టరు దగ్గరికి పంపరు. మూడు విషయాలు చూస్తారు. గత మూడు నెలలుగా వారానికి మూడు రోజులు, రోజుకు 30 నిమిషాలు మధ్యస్థ శ్రమ చేస్తున్నారా? గుండె జబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు ఉందా, లేదా వాటి లక్షణాలున్నాయా? చేయబోయేది నడకా, గట్టి శ్రమా? జబ్బు లేదు, లక్షణం లేదు, చేయబోయేది నడకే అంటే ఏ పరీక్షా లేకుండా రేపే మొదలుపెట్టవచ్చు. లక్షణం ఏదైనా ఉంటే, ఏళ్ల తరబడి నడుస్తున్నవాళ్లయినా సరే, ఆపి చూపించుకోవాల్సిందే.

ఆ లక్షణాలను మన మాటల్లోనే అడగాలి. ‘మీకు ఛాతీ నొప్పి ఉందా’ అంటే చాలామంది లేదంటారు, నిజాయితీగానే. ‘గుట్ట ఎక్కేటప్పుడో, బరువు మోసేటప్పుడో ఎదలో బిగపట్టినట్టు, మంటగా ఉండి, ఆగితే తగ్గుతుందా పెద్దమ్మా’ అని అడిగితే ‘ఆ, గ్యాస్ అనుకున్నా బిడ్డా’ అంటారు. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గేదాన్ని గ్యాస్ అనుకుని వదిలేయొద్దు. అట్లాగే దవడకో, ఎడమ చేతికో పాకే నొప్పి, నిరుడు అవలీలగా చేసిన పనికి ఇప్పుడు ఆయాసం రావడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కండ్లు తిరిగి పడిపోవడం, గుండె ఉన్నట్టుండి దడదడలాడటం, రెండు చీలమండలూ వాయడం, కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేసి నిలబడితే వదిలేయడం. ఇంట్లో ఎవరైనా 50 ఏళ్ల లోపే హఠాత్తుగా చనిపోయారా అన్నది కుర్రవాళ్లను తప్పకుండా అడగాలి. చిన్న వయసు హఠాన్మరణాల్లో పుట్టుకతో వచ్చే గుండె కండరం జబ్బులు ఒక ముఖ్య కారణం.

ఊళ్లో ఆశ అక్క 30 దాటినవాళ్ల దగ్గర నింపే సీబ్యాక్ ఫారం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుం చుట్టుకొలత, వారానికి 150 నిమిషాల శ్రమ ఉందా లేదా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అని అడిగి మార్కులేస్తారు. 4 దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. నడుం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మార్కు పడటం మొదలవుతుంది. అయితే ఆ ఫారం జబ్బు వచ్చే అవకాశాన్ని అంచనా వేస్తుంది, వ్యాయామానికి అనుమతి పత్రం కాదు.

బీపీ కొలత చాలాచోట్ల తప్పుగా జరుగుతుంది. ఎండలో నడిచి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి వెంటనే పట్టీ చుడతారు. ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ వద్దు. మూత్రానికి వెళ్లి రావాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు తీసుకోవాలి. పైది 180 గానీ, కిందిది 110 గానీ దాటితే ఆ రోజు వ్యాయామం, పరీక్ష రెండూ పక్కనపెట్టి డాక్టరుకు చూపించాలి.

షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ రకం మాత్రలు వాడేవాళ్లు వేరుగా జాగ్రత్త పడాలి. శ్రమకు ముందు షుగర్ 90 కన్నా తక్కువుంటే మొదట 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం తినాలి. ఒక అరటిపండు సరిపోతుంది. షుగర్ పడిపోవడం మైదానంలోనే జరగాలని లేదు, సాయంత్రం గట్టిగా నడిస్తే అర్ధరాత్రి చెమటలు పట్టవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. 250 దాటి, ఒంట్లో కీటోన్లు (శరీరం షుగర్‌ను వాడుకోలేక కొవ్వును కరిగించినప్పుడు పుట్టే పదార్థాలు) కూడా ఉంటే ఆ రోజు చేయొద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు చెప్పుల్లేకుండా నడవొద్దు, నడక నుంచి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. కంటి వెనక పొరలో రక్తనాళాలు దెబ్బతిన్నాయని చెప్పినవాళ్లు కంటి డాక్టరును అడగకుండా పెద్ద బరువులు ఎత్తొద్దు.

ఇక టీఎంటీ. ఎక్కువగా వాడే బ్రూస్ పద్ధతిలో ట్రెడ్‌మిల్ పట్టీ గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, 10 శాతం ఎత్తులో మొదలై, మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయి. గుండెకు రక్తం చాలకపోతే ఈసీజీ గీతలో మార్పు కనిపిస్తుంది. రక్తనాళం బాగా ఇరుకైతేనే ఆ కొరత బయటపడుతుంది. సగం కూడా మూసుకోని చోట కొవ్వు పొర చిట్లి, రక్తం గడ్డకట్టి గుండెపోటు వచ్చే సందర్భాలున్నాయి, వాటిని ఈ పరీక్ష ముందే చెప్పలేదు. లక్షణాలు లేనివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, లేని జబ్బును ఉన్నట్టు చూపడమూ తరచుగా జరుగుతుంది. దాని వెంట యాంజియోగ్రామ్, ఖర్చు, భయం. లక్షణం ఉన్నవాళ్లకు టీఎంటీ మంచి సాధనం. ఏ లక్షణమూ లేకుండా నడక మొదలుపెట్టేవాళ్లకు అక్కర్లేదు.

ఫ్లోరోసిస్ ఊళ్లలో వేరే లెక్క

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లకు పట్టణంలో రాసిన ఫిట్‌నెస్ చార్టు అట్లాగే వాడితే దెబ్బ తగులుతుంది. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని దట్టంగా చేస్తుంది కానీ బలంగా చేయదు. కీళ్లను కట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) గట్టిపడి సున్నం పేరుకుంటుంది. వెన్నెముక బిగుసుకుపోతుంది. కొందరిలో వెన్నుపాము నడిచే దారి ఇరుకవుతుంది. కృష్ణా నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లల సంగతి వేరు, కానీ పెద్దవాళ్ల ఎముకల్లో చేరింది అంత తొందరగా పోదు.

మూడు కదలికలతో అనుమానం పట్టుకోవచ్చు. గడ్డం ఛాతీకి ఆనుతుందా? మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి నేల మీది నాణెం తాకగలరా? చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తల వెనక్కి పెట్టగలరా? ఎవరి బలంతోనూ వంచొద్దు, వాళ్లంతట వాళ్లే చేయాలి. ఇవి చేయలేని ప్రతి ఒక్కరికీ ఫ్లోరోసిస్ ఉన్నట్టు కాదు, మోకాళ్ల అరుగుదలలోనూ, పాత నడుం నొప్పిలోనూ ఇట్లాగే ఉంటుంది. కానీ కాళ్లలో తిమ్మిర్లు, నడకలో బిగుసు, తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం వీటికి తోడైతే వ్యాయామం సంగతి తర్వాత, ముందు నరాల డాక్టరు చూడాలి. ఆ లక్షణాలు లేకుండా కేవలం బిగుసుకుపోయిన ఒళ్లయితే చదును నేల మీద నడక, కుర్చీలోంచి లేవడం, నొప్పి మొదలయ్యేదాకానే కదిలించే సాధన సరిపోతాయి. దుంకడం, వీపు మీద ఎవరైనా నొక్కి వంచడం, తల మీద బరువు మోయడం వద్దు.

దమ్ము కొలిచే పరీక్షలు

ఇంట్లో చేయదగిన వాటిలో కుర్చీ పరీక్షే అన్నింటికన్నా ఉపయోగకరమని నా అభిప్రాయం. తొడల బలాన్ని సూటిగా చూపిస్తుంది, పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదాన్ని ముందే పట్టిస్తుంది. చేతులు లేని, 43 సెంటీమీటర్లు అంటే 17 అంగుళాల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించాలి. ప్లాస్టిక్ కుర్చీ బండల మీద జారుతుంది, బరువుకు కాళ్లు విచ్చుకుంటాయి, వద్దు. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని, పాదాలు నేలకు ఆనించి, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. సమయం అయ్యేసరికి సగానికి పైగా లేచి ఉంటే దాన్నీ ఒకటిగా లెక్కేయాలి. ఒక్కసారైనా చేతులు ఆనిస్తే లెక్క సున్నా. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే వయసుకు తగ్గ బలం లేనట్టు. 65 నుంచి 69 వారికి ఆ గీతలు 12, 11. కుర్చీ ఎత్తు రెండంగుళాలు మారినా అంకె మారిపోతుంది కాబట్టి ప్రతిసారీ అదే కుర్చీ వాడాలి.

దమ్ముకు ఆరు నిమిషాల నడక. 30 మీటర్ల చదును దారికి రెండు చివరలా ఇటుకలు పెట్టి, వీలైనంత దూరం నడవమనాలి, ఉరకొద్దు. అలసిపోతే నిలబడవచ్చు, గడియారం మాత్రం ఆగదు. పక్కన ఎవరూ తోడు నడవొద్దు, వాళ్ల వేగమే వీళ్ల వేగమైపోతుంది. మొదటిసారి కన్నా రెండోసారి అలవాటు వల్లే కొంత పెరుగుతుంది, అందుకే 30 మీటర్ల లోపు తేడాను మెరుగుదల అనుకోవద్దు. నెల రోజుల్లోపు గుండెపోటు వచ్చినవాళ్లు, కూర్చున్నప్పుడే నాడి 120 దాటినవాళ్లు చేయకూడదు.

నాడి లెక్కలో రెండు పొరపాట్లు మామూలు. ఆగిన తర్వాత నిమిషమంతా లెక్కపెడతారు, ఆలోపే నాడి దిగిపోతుంది. ఆగిన వెంటనే, బొటనవేలితో కాకుండా రెండు వేళ్లతో మణికట్టు దగ్గర పట్టుకుని 10 సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చించాలి. రెండోది, 220 లోంచి వయసు తీసేసే సూత్రాన్ని కచ్చితమైన హద్దు అనుకోవడం. అది సగటు, ఒక్కో మనిషికి పది, పన్నెండు అటూఇటూ ఉంటుంది. 50 ఏళ్ల మనిషికి ఆ లెక్కన గరిష్ఠం 170, మధ్యస్థ శ్రమకు అందులో 64 నుంచి 76 శాతం, అంటే 109 నుంచి 129. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకు ఈ లెక్క చెల్లదు, మందే నాడిని అణచిపెడుతుంది. వాళ్లకు మాట్లాడగలగడమే కొలత.

మెట్టు ఎక్కి దిగి నాడి చూసుకునే పరీక్షకు 30 సెంటీమీటర్ల మెట్టు కావాలి. ఇంటి మెట్లు అందులో సగమే ఉంటాయి, చార్టుతో పోల్చొద్దు. ఎనిమిది, పన్నెండు వారాలకోసారి అదే పరీక్ష, అదే పూట, అదే చోట చేసి మీ పాత అంకెతో పోల్చుకోండి.

పోలీసు ఉద్యోగానికి ఉరికేవాళ్లకు

తెలంగాణ పోలీసు నియామక బోర్డు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్లు చుట్టుకు 1 నిమిషం 48 సెకన్లు పట్టుకుంటే సరిపోతుంది. చాలామంది మొదటి చుట్టు 1 నిమిషం 20 సెకన్లలో కొట్టి మూడో చుట్టులో చచ్చుబడతారు. ఇంకా పెద్ద తప్పు రోజూ గడియారం పెట్టుకుని పూర్తి దూరం ఉరకడం. అది పరీక్ష, సాధన కాదు. వారంలో ఎక్కువ రోజులు మాట్లాడగలిగే వేగంతో 20 నుంచి 40 నిమిషాలు ఉరకాలి, ఒకటి రెండు రోజులే వేగం పెట్టాలి. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు, వారం రెండు వారాలకోసారి ఐదు, పది నిమిషాలు మాత్రమే పెంచుకోవాలి. మోకాలి కింది ఎముక పొడుగునా సలిపితే తగ్గించి ఉరకవచ్చు. ఒక్క చోట వేలు పెడితే ప్రాణం పోతూ, రాత్రి పడుకున్నా నొప్పి వస్తుంటే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు, ఆపి చూపించుకోవాలి.

నల్లగొండ ఎండ మేలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. శరీరం వేడికి అలవాటు పడటానికి రెండు వారాల దాకా పడుతుంది, ఆ రెండు వారాలూ తక్కువ చేయాలి. ఉరుకుతున్న కుర్రవాడు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బే, చెమట పడుతున్నా సరే. 108కు ఫోన్ చేస్తూనే నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు గుమ్మరిస్తూ ఉండాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

అలవాటు లేకుండా ఒక్కరోజే వందల బైఠకులు తీసినవాళ్లకు రెండు మూడు రోజుల్లో తొడలు వాచి, మూత్రం చాయ్ డికాషన్ రంగులో రావచ్చు. కండరం విరిగి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తున్న గుర్తు అది. నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, అప్పుడు కిడ్నీకి ఇంకా చేటు. మాత్ర వేసుకుని పడుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి మూత్రం, సీపీకే (కండరం ఎంత దెబ్బతిందో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించుకోవాలి.